ఇంకొంచెం వంగండి సార్!

2014లో ఐక్యరాజ్యసమితి జూన్ 21ని యోగా డే అని ఏ ఉద్దేశంతో ప్రకటించిందో గానీ మా అపార్ట్‌మెంట్‌కి మాత్రం అది లడ్డూ వేలం లేని వినాయక చవితి. టెర్రస్ మీద ఫ్లెక్సీ, అందరికీ టీషర్టులు, ఒక డ్రోను, ఒక మాస్టారు. ఆ మాస్టారికి నోట్లో ఉండే మాట ఒక్కటే, "ఇంకొంచెం".

మొదలుపెట్టడమే పశ్చిమోత్తానాసనం, కాళ్లు చాపుకుని కూర్చుని ముందుకి వంగి కాలివేళ్లు అందుకోవాలి, అదీ పొద్దస్తమానం కుర్చీలో కూర్చుని తొడ వెనక కండరాలు బిగుసుకుపోయిన సాఫ్ట్‌వేర్ జనం చేత. మా సెక్రటరీ గారి చేతులు మోకాళ్ల దగ్గరే ఆగిపోయాయి, అక్కణ్ణుంచి ముందుకెళ్లాలంటే పొట్ట పర్మిషన్ ఇవ్వాలి. మాస్టారు వెనక నుంచి వీపు మీద రెండు చేతులూ వేసి ఇంకొంచెం అన్నాడు. సెక్రటరీ గారు "ఓరి దేవుడో" అన్నారు. ఫోటోగ్రాఫరేమో సార్ ఇటు, నవ్వండి సార్ అంటాడు. ఇంకొంచెం! ఆయన నవ్వారో, మొహం అలా అయిపోయిందో తెలీదు గానీ ఇప్పుడు మా వాట్సాప్ గ్రూప్ డీపీ అదే.

మోకాళ్లు కాస్త వంచుకోండి, అందకపోతే అరికాళ్ల చుట్టూ తువ్వాలు వేసి దాని రెండు కొసలూ పట్టుకోండి అని చెప్తే సరిపోయేది కదా. తువ్వాలుంటే ఫోటో బాగోదట.

తర్వాత వృక్షాసనం, అంటే ఒంటికాలి మీద నిలబడటం. గోడ పట్టుకున్నవాళ్లని మాస్టారు చులకనగా చూశాడు. కోనసీమలో గెల వేసిన అరటిచెట్టుకి కూడా వెదురు గెడ ఊతం పెడతారు నాయనా, దానికేం పరువు పోలేదు. పాదాన్ని మోకాలి కీలు మీద పెట్టకూడదు, పైన తొడకో కింద పిక్కకో ఆనించాలి. సగం మంది సరిగ్గా మోకాలి మీదే పెట్టారు. డ్రోను పైన తిరుగుతోంది కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

ఆఖర్న డ్రోన్ షాట్ కోసం శీర్షాసనం! పక్క ఫ్లాట్ పిన్నిగారికి 62 ఏళ్లు. "నాకు బీపీ ఉంది బాబూ" అన్నారు. "చేస్తే బీపీ పోద్దమ్మా" అని కాళ్లు ఎత్తబోయాడు.

ఇక్కడ నాకు జోకులు రావట్లేదండి. ఎక్కువ బీపీ, గ్లాకోమా అనే కంటి జబ్బు, మెడ సమస్య ఉన్నవాళ్లని తలకిందులు చెయ్యకూడదని తెలీనోడు మాస్టారెలా అయ్యాడు? తెలిసీ చేశాడంటే ఇంకా దారుణం. నలభై మందిమి వచ్చాం, ఒక్కరిని కూడా ఒంట్లో ఏమైనా ఇబ్బంది ఉందా అని అడగలేదు, అందరినీ టీషర్ట్ సైజు మాత్రం అడిగారు! వెనక ఫ్లెక్సీ మీద యోగసూత్రాలు రాసిన పతంజలి మాట "స్థిరసుఖమాసనం" అని ఇంతింత అక్షరాలు, అంటే స్థిరంగా, సుఖంగా ఉండేదే ఆసనం అని. సుఖం ఎక్కడ్రా అందులో?

శవాసనానికి టైమ్ లేదన్నారు, ఇడ్లీలు చల్లారిపోతున్నాయట.

పిన్నిగారు మాత్రం చెయ్యి విదిలించుకుని వాటర్ ట్యాంక్ పక్కకెళ్లి, కాళ్లు చాపి, కళ్లు మూసుకుని పడుకున్నారు. మాస్టారు అక్కడికీ వెళ్లాడు. "అమ్మా, చేతులు ఇంకొంచెం..."

ఆవిడ ఒక కన్ను తెరిచారు. "నువ్వే ఇంకొంచెం అవతలికి జరుగు నాయనా, గాలి రావట్లేదు."