ఆఖరి విస్తరి నుంచి ఒక విన్నపం

గౌరవనీయులైన ఫర్-ఈచ్ లూప్ గారికి,

బెంగళూరు మారతహళ్లి పీజీ మూడో అంతస్తు నుంచి నమస్కారాలు.

2004లో ప్రోగ్రామింగ్ భాష జావా 5తో పాటు మీరు వేంచేసి, లిస్టులో ఒక్కోదాన్నీ వరసగా మా చేతికివ్వడం మొదలెట్టాక, మా కోడ్‌లో ఎన్నోదో లెక్కపెట్టే ‘ఐ’ అనే అక్షరానికి సగం పని పోయింది. సున్నా దగ్గర మొదలెట్టాలా, ఒకటి దగ్గరా అని వేళ్లు మడిచి లెక్కపెట్టుకునే బాధ తప్పించారు. ఒప్పుకుంటాను. మీది పెళ్లి పంక్తిలో వడ్డన. పప్పు బకెట్ పట్టుకుని విస్తరి విస్తరికీ వంగుతూ పోతారు. ఇది ఎన్నో విస్తరండీ అంటే మాత్రం తెల్లమొహం వేస్తారు. సరే, పోనీ.

నా గొడవ వేరు. క్యాన్సిలైన ఆర్డర్లు తీసేసి మిగతావాటికి బిల్లు వేయమన్నాడు మా మేనేజర్. మిమ్మల్ని నమ్మి లూప్ లోపలే, లిస్టు నుంచి తీసేసే రిమూవ్ పెట్టాను. టెస్టుకి మూడు ఆర్డర్లు ఇచ్చాను, నడిమిది క్యాన్సిల్. లిస్టులో రెండు మిగిలాయి, టెస్టు పాస్. బిర్యానీకి వెళ్లిపోయాను.

శుక్రవారం రాత్రి మడివాళలో ఊరెళ్లే బస్సు కోసం నిలబడి ఉండగా ఫోను. ప్రొడక్షన్‌లో, అంటే అసలు ఆర్డర్లు నడిచే చోట, మీరు ‘కాంకరెంట్ మాడిఫికేషన్ ఎక్సెప్షన్’ (నేను తిరుగుతుండగా లిస్టు మార్చారన్న ఎర్రర్) అంటూ శివాలెత్తారట. పంక్తి మధ్యలో ఒకడు లేస్తే కేకలేయడం మీ హక్కు, కాదనను. మరి ఆ మూడు ఆర్డర్ల దగ్గర నోరెందుకు మెదపలేదు?

బస్సు పోయాక, రాత్రి రెండు గంటలకి తెలిసింది. అర్రేలిస్టు అనే మా జావా లిస్టు దగ్గర మీ తరఫున తిరిగే ఇటరేటర్ గారు ‘ఇంకెవరైనా ఉన్నారా’ అని తలెత్తి చూడరట. వడ్డించింది ఇద్దరికి, ఇప్పుడు కూర్చున్నది ఇద్దరు, లెక్క సరిపోయింది అని గరిటె బకెట్లో పడేస్తారట. చివరినుంచి రెండోవాడు లేచిపోతే ఆఖరివాడికి పప్పూ లేదు, ఎక్సెప్షనూ లేదు! మూడో ఆర్డరుకి బిల్లే పడలేదు. నా టెస్టు మిగిలిన ఆర్డర్లను లెక్కపెట్టింది గానీ బిల్లుల వైపు చూడలేదు. ఆ ముక్క మా మేనేజర్‌కి చెప్పకండి.

“జావా 8లో, 2014లోనే రిమూవ్‌ఇఫ్ వచ్చింది కదబ్బా, ఎలాంటివి తీసేయాలో చెప్తే అదే తీసేస్తుంది” అన్నాడు టీమ్‌లో కడప అన్న. అన్నేళ్లుగా మీ పక్కింట్లోనే ఉంటే ఒక్కమాట చెప్పి చావలేదేం?

ఆదివారం ఆంధ్రా మెస్‌లో బల్ల చివర కూర్చున్నాను. పక్కతను రసం పోయించుకున్నాక ఫోనొచ్చి లేచి వెళ్లాడు. వడ్డించే కుర్రాడు ఖాళీ అయిన కుర్చీ చూసి, బకెట్‌తో అట్నుంచటే వెనక్కి తిరిగాడు. మీవాడేనా?

ఇట్లు,
పొడన్నంతో మీ విధేయుడు