సవరణ: ప్రధాన సంఖ్యల లబ్ధానికి 1 కలిపితే వచ్చేది ప్రధాన సంఖ్యే కానక్కర్లేదు

ప్రధాన సంఖ్యలు అనంతమని చూపే యూక్లిడ్ నిరూపణను వివరిస్తూ, "మొదటి కొన్ని ప్రధాన సంఖ్యలను గుణించి 1 కలిపితే కొత్త ప్రధాన సంఖ్య వస్తుంది" అని ఇంతకుముందు రాశాం. ఆ వాక్యం తప్పు.

మొదట్లో నిజంలాగే కనిపిస్తుంది: 2 + 1, 2×3 + 1, 2×3×5 + 1 ఇలా చేస్తే వచ్చే 3, 7, 31, 211, 2311 అన్నీ ప్రధాన సంఖ్యలే. 13 దాకా గుణించగానే తేడా బయటపడుతుంది. 2×3×5×7×11×13 + 1 = 30031 = 59×509. దీన్ని చేత్తో పరీక్షించేవారు 2 నుంచి 13 వరకు వదిలేయవచ్చు, వాటితో శేషం ఎలాగూ 1 వస్తుంది. 17 నుంచి మొదలుపెడితే పదకొండో ప్రయత్నంలో 59 దొరుకుతుంది.

నిరూపణకు మాత్రం ఏ లోటూ లేదు. తన గ్రంథం 'ఎలిమెంట్స్' తొమ్మిదో భాగం, 20వ ప్రతిపాదనలో యూక్లిడ్ రెండు దారులూ చూశాడు. వచ్చిన సంఖ్య ప్రధానమైతే అదే కొత్తది. కాకపోతే దాన్ని ఏదో ఒక ప్రధాన సంఖ్య నిశ్శేషంగా భాగిస్తుంది. అది మనం గుణించిన ప్రధాన సంఖ్యల జాబితాలోనిదే అయితే లబ్ధాన్నీ భాగిస్తుంది కాబట్టి, మిగిలిన 1ని కూడా భాగించాలి. అది అసాధ్యం, కాబట్టి ఆ ప్రధాన సంఖ్య జాబితాలో లేని కొత్తదే.

జాబితా 2తో మొదలవ్వాలన్న నియమమూ లేదు. 3, 5, 7 తీసుకుంటే 105 + 1 = 106 = 2×53. ఇక్కడ దొరికిన 2 జాబితాలోని అన్నిటికంటే చిన్నది! అందుకే "కొత్తది ఎప్పుడూ పెద్దదే" అనడం కూడా సరికాదు. 2 నుంచి వరుసగా ఏదీ వదలకుండా తీసుకున్నప్పుడే ఆ మాట నిలుస్తుంది.