గురి సంగతి తర్వాత, ముందు జామ్ సంగతి చూడండి

టెక్సస్‌లో మనవాళ్ల వీకెండ్ కబుర్లలో ఇళ్ల రేట్లు, పిల్లల కాలేజీ సీట్లతో పాటు షూటింగ్ రేంజ్ కూడా చేరిపోయింది. ఏఆర్-15 రైఫిల్ ముచ్చటపడి కొన్నవాళ్లు నాలుగుసార్లు రేంజ్‌కి వెళ్లొచ్చాక తూటాల ఖర్చు చూసి గుండె పట్టుకుంటారు. 2020లో కోవిడ్ వచ్చి తూటాల రేట్లు మండిపోయాక మరీను. అప్పుడు చూపు కన్వర్షన్ల మీద పడుతుంది. అంటే అదే రైఫిల్‌లో చవగ్గా దొరికే 9 ఎంఎం పిస్టల్ తూటానో, .22 ఎల్ఆర్ తూటానో కాల్చుకునే ఏర్పాటు. ఎవరైనా ముందు అడిగేది "గురి ఎలా ఉంటుంది?" అనే. నా లెక్కలో అది రెండో ప్రశ్న. మొదటిది, తూటా మధ్యలో ఇరుక్కుని తుపాకీ ఆగిపోతుందా, అంటే జామ్ అవుతుందా అన్నది.

.22 కిట్‌లో బ్యారెల్ మారదు. బోల్ట్ (తూటాను బ్యారెల్‌లోకి నెట్టి వెనక మూసే భాగం) తీసి కిట్ బోల్ట్ పెట్టుకోవడం, మ్యాగజైన్ మార్చుకోవడం, అంతే. గురికి దెబ్బ తగిలేది అక్కడే. .22 ఎల్ఆర్ కోసమే చేసిన బ్యారెల్‌లో గాడులు (గుండును గిర్రున తిప్పే మెలిక గీతలు) మామూలుగా 16 అంగుళాలకు ఒక చుట్టు తిరుగుతాయి. ఏఆర్ బ్యారెల్‌లో చాలావరకు 7, 8, 9 అంగుళాలకే ఒక చుట్టు, అంటే .22 గుండుకు కావాల్సిన దానికన్నా ఎక్కువ తిప్పుడు. పైగా ఆ మెత్తటి సీసం గుండు కిట్ ఛాంబర్ (తూటా కూర్చునే గది) దాటి కాస్త ఖాళీలో దూకితే గాని గాడులకు అందదు. పాతిక గజాల్లో డబ్బాలు పడగొట్టుకోవడానికి ఢోకా లేదు. దూరం పెరిగి కాగితం మీద చిల్లులు చెదిరితే మాత్రం కిట్‌ను తిట్టి లాభం లేదు.

9 ఎంఎం కన్వర్షన్‌లో బ్యారెల్ కూడా మారుతుంది కాబట్టి 50 గజాల వరకు గురికి వంక పెట్టలేం. అక్కడ సరిచేసిన సైటుతో (గురి చూసే సాధనం) 100 గజాలకు కాలిస్తే గుండు కొన్ని అంగుళాలు దిగిపోతుంది. అది పిస్టల్ తూటా నైజం. కొత్తవాళ్లు పది గజాల్లో కాల్చి, రెండు అంగుళాలు కింద తగులుతోందని షాపువాళ్లతో పేచీ పెట్టుకుంటారు. ఏఆర్‌లో సైటు బ్యారెల్‌కు సుమారు రెండున్నర అంగుళాల పైన ఉంటుంది. అంత దగ్గర్లో గుండు ఇంకా చూపు గీత దాకా లేవదు మరి!

అసలు తలనొప్పి జామ్‌లతో. ఏఆర్‌కు మామూలుగా వాడే .223 తూటా పొడవు 57 మిల్లీమీటర్లు. 9 ఎంఎం తూటా 30 కూడా ఉండదు. అందుకని మామూలు ఏఆర్‌లో మ్యాగజైన్ దూర్చే చోట ఒక దిమ్మ బిగించి చిన్న మ్యాగజైన్ పట్టేలా చేస్తారు. ఆ దిమ్మ వెంట్రుకవాసి ఎగుడుదిగుడుగా కూర్చున్నా తూటా ముక్కు ఛాంబర్ అంచుకు కొట్టుకుని ఆగిపోతుంది. హాలో పాయింట్లయితే (ముక్కులో గుంట ఉన్న గుండ్లు) ఇంకా పేచీ. మామూలు ఏఆర్‌లో తూటా పేలేటప్పుడు బోల్ట్ లాక్ అయి ఉంటుంది. 9 ఎంఎం వాటిలో ఎక్కువగా లాక్ ఉండదు, బోల్ట్ బరువూ స్ప్రింగూ కలిసి ఆపాల్సిందే. చిన్న తూటాయే కదా అని కాల్చినవాళ్లు .223 కన్నా భుజానికి గట్టిగా తగులుతోందేమిటని బిత్తరపోయేది ఆ బరువు వల్లే. బఫర్ (బోల్ట్ వెనక స్ప్రింగ్‌తో కలిసి ఉండే బరువు ముక్క) తేలిగ్గా ఉంటే బోల్ట్ మరీ వేగంగా వెనక్కి కొట్టుకుని బోల్ట్ క్యాచ్ (బోల్ట్‌ను వెనక ఆపి పట్టే మీట), హ్యామర్ పిన్ (తూటాను పేల్చే సుత్తి తిరిగే ఇరుసు) విరిగే ప్రమాదం ఉంది. బరువైన బఫర్ దగ్గర పిసినారితనం వద్దు. సిగ్ ఎంపీఎక్స్ లాంటి 9 ఎంఎం తుపాకులు వేరే పద్ధతిలో పనిచేస్తాయి, భుజాన్ని తన్నడం తక్కువ, ధర ఎక్కువ.

.22 తూటాల గొడవ ఇంకోటి. మైనం పూతా మసీ కలిసి ఛాంబర్‌లో పేరుకుంటాయి. మెల్లగా వెళ్లే రకాలు బోల్ట్‌ను పూర్తిగా వెనక్కి నెట్టలేవు. చప్పుడు ఎప్పటిలా కాకుండా "టప్"మని నీరసంగా వస్తే ఇంకో రౌండ్ కాల్చకండి. తుపాకీ ఖాళీ చేసి, గుండు బ్యారెల్‌లో ఇరుక్కుందేమో చూడాలి.

నన్నడిగితే .22 కిట్ సరదాకీ ప్రాక్టీసుకీ భేషైనది, ఇంటి రక్షణకు పనికిరాదు. 9 ఎంఎం మీద మనసుంటే దిమ్మలు బిగించే బదులు మొదటినుంచీ దానికోసమే చేసిన రైఫిల్ కొనడం మేలు. ఏది కొన్నా మీరు వాడబోయే తూటాలతోనే 200 రౌండ్లు ఆగకుండా నడిచేదాకా దాన్ని నమ్మొద్దు.

హెచ్-1బీ, ఎఫ్-1 మీద ఉన్న తమ్ముళ్లకు ఒక్క మాట. ఫెడరల్ చట్టం ప్రకారం మీరు తుపాకీయే కాదు, తూటాలు కూడా దగ్గర ఉంచుకోకూడదు. రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్స్ లాంటి కొద్దిపాటి మినహాయింపులు ఉన్నాయి గానీ, అవి మీకు వర్తిస్తాయో లేదో చెప్పాల్సింది లాయరు, రేంజ్‌లో పక్క లేన్ అన్నయ్య కాదు.