తాతల కాలం సామాను: చవకా? మూడు తరాలు వచ్చేదా?

ఎండలు ముదిరి ఫ్యాన్లు మొరాయించడం మొదలుకాగానే వరంగల్, హన్మకొండ కాలనీల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతుంది. "మన తాతల కాలంలో వస్తువులు చవక. ఒక్కసారి కొంటే మూడు తరాలు వచ్చేవి. ఇప్పుడు కంపెనీలు కావాలనే చెడిపోయేటట్టు చేస్తున్నయి. పాత సామాను అమ్మకండి" అని దాని సారాంశం. కింద వరసగా దండాల బొమ్మలు.

మొదట ఈ 'చవక' సంగతి చూద్దాం. పాత బిల్లు మీద అంకె చిన్నదే. ఆ బిల్లు కట్టినాయన జీతమూ చిన్నదే, మెసేజ్ రాసినవారు దాన్ని వదిలేశారు. ప్రభుత్వ సర్వేల ప్రకారం 1999-2000లో దేశంలోని పల్లె కుటుంబాల ఖర్చులో 59 శాతం పైచిలుకు తిండికే పోయేది. 2022-23 నాటికి అది 46 శాతానికి దిగింది. తిండికి పోగా మిగిలేది అంత తక్కువైనప్పుడు ఫ్రిజ్ ఎందరు కొన్నారు? అది విలాస వస్తువని సర్కారు పన్ను కూడా గట్టిగా బాదేది. 2001 జనాభా లెక్కల్లో సైతం దేశంలో టీవీ ఉన్న ఇళ్లు 31.6 శాతమే. చేతిలో డబ్బున్నా బజాజ్ చేతక్ బండికి ఏళ్ల తరబడి ఎదురుచూడాలి. ఆఖరికి రేడియో పెట్టుకోవాలన్నా పోస్టాఫీసుకు పోయి లైసెన్సు ఫీజు కట్టాలి.

ఇక మూడు తరాల మాట. అటక మీద మిగిలినవే మన కంటికి కనిపిస్తాయి. చెడిపోయినవి ఎప్పుడో పాత సామాన్ల బండెక్కాయి, వాటిని ఫొటో తీసి గ్రూపులో పెట్టేవాళ్లుండరు. అమ్మమ్మ ఇత్తడి గిన్నె ఇంకా ఉందంటే దానికి ఎన్నిసార్లు కళాయి వేయించారో కూడా అడగాలి. కళాయి పోయిన గిన్నెలో పులుసు పెడితే చిలుమెక్కేది. ఆ కళాయి డబ్బులు గిన్నె ధరలో ఎవరూ కలపరు.

'కంపెనీలు కావాలనే చేస్తున్నాయి' అన్నది గాలిమాట కాదు. 1924లో జెనీవాలో పెద్ద పెద్ద బల్బు కంపెనీలు కూటమి కట్టి బల్బు ఆయుష్షును వెయ్యి గంటలకు కుదించాయి. అంతకన్నా ఎక్కువ వెలిగే బల్బు చేసిన సభ్యుడికి జరిమానా! రోజుకు అయిదు గంటలు వేస్తే వెయ్యి గంటలంటే ఏడు నెలలు కూడా రావు. కాకపోతే అది సరిగ్గా ఈ మెసేజ్ పొగుడుతున్న తాతల కాలమే.

మెసేజ్‌లో నిజముందంటే అది రిపేరు దగ్గరే. పాత సీలింగ్ ఫ్యాన్ నెమ్మదిస్తే చాలాసార్లు కెపాసిటర్ పోయినట్టే, కొద్ది రూపాయలతో అయిపోయే పని. వైండింగ్ కాలినా వీధి చివరి మెకానిక్ కొత్త తీగ చుట్టి ఇచ్చేవాడు. ఇప్పటి బీఎల్‌డీసీ (కరెంటు తక్కువ లాగే బ్రష్‌లెస్ మోటారు) ఫ్యాన్‌లో ఎలక్ట్రానిక్ బోర్డు ఉంటుంది. కరెంటు ఎగుడుదిగుడులకు అది పోయిందంటే మొత్తం బోర్డే మార్చాలి, అది కంపెనీ సెంటర్లో తప్ప బయట దొరక్కపోవచ్చు. కడుపు మండటం సహజం. అయినా కరెంటు లెక్క కూడా వెయ్యాలి. పాతది సుమారు 75 వాట్లు లాగితే కొత్తది 30 వాట్ల చుట్టూ లాగుతుంది. రోజుకు పన్నెండు గంటల చొప్పున ఎనిమిది నెలలు తిరిగితే దాదాపు 130 యూనిట్ల తేడా. యూనిట్ అయిదు రూపాయలనుకున్నా ఏడాదికి 650 రూపాయలు. ఈ లెక్కన రెండు మూడేళ్లకు బోర్డు డబ్బులు వచ్చేసినట్టే. ఆలోపే పోతే మాత్రం నష్టం మనదే. అందుకే కొనేటప్పుడు స్టార్లు చూసి ఊరుకోకుండా బోర్డు విడిగా ఇస్తారా, ఎంతకిస్తారు అని షాపులోనే అడగాలి. రిపేరు వివరాలు ఒకచోట పెట్టాలని కేంద్రం 2022 డిసెంబర్‌లో 'రైట్ టు రిపేర్' పోర్టల్ తెచ్చింది. మెసేజ్‌లో దాని ఊసే లేదు.

చివరగా, 'పాత సామాను అమ్మకండి' అన్నదాన్ని గుడ్డిగా పాటించొద్దు. తొంభైల నాటి ఫ్రిజ్‌లలో చాలావాటిలో చల్లబరచడానికి వాడిన ఆర్-12 గ్యాస్ ఓజోన్ పొరకు చేటని 2010 నాటికే మన దేశం ఆ రకాన్ని పక్కన పెట్టేసింది. గ్యాస్ పోయిన అలాంటి ఫ్రిజ్‌ను దాచుకుని లాభం లేదు, అమ్మేయండి. తొక్కే కుట్టు మిషన్ మాత్రం ఉంచుకోండి. దాని బెల్టు, బాబిన్ కేసు ఇప్పటికీ బజార్లో దొరుకుతాయి.