కమ్యూనిటీ హాలు తాళం ఎవరింట్లో ఉంది?

కమ్యూనిటీ హాలు చరిత్ర అడిగితే ఊళ్లో చాలామంది శిలాఫలకం చూపిస్తారు. ఏ ఏడు కట్టారో, ఏ నాయకుడు ప్రారంభించారో అందులో ఉంటుంది. లోపలికి ఎవరు రాగలిగారు, తాళం ఎవరింట్లో ఉండేది అన్నది మాత్రం ఉండదు. అసలు చరిత్ర అదే.

హాళ్లు రాకముందు మన ఊళ్లలో రచ్చబండ, చావడి ఉండేవి. తగాదాల తీర్పులు, శిస్తు లెక్కలు, ఊరి కబుర్లు అన్నీ అక్కడే. ఊరుమ్మడి చోట్లని ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటాం. కానీ చాలా ఊళ్లలో దళితులు అక్కడ అందరితో సమానంగా కూర్చునే వీలుండేది కాదు. ఆడవాళ్ల మాటకూ అక్కడ చోటు లేదు. అందుకే దళితవాడలో వెలిసిన అంబేడ్కర్ భవనాన్ని మామూలు కట్టడంగా చూడలేను. పెళ్లి చేసుకోవడానికి ఎవరి దయా అడగనక్కర్లేని చోటు అది. అయితే వాడకొక హాలు కట్టి ఊరుకుంటే, ఊరంతా కలిసి కూర్చునేదెక్కడ?

కట్టడానికి డబ్బు వచ్చే దారులు పెరిగాయి. ఎంపీలు తమ ప్రాంతంలో పనులు సూచిస్తే కేంద్రం డబ్బిచ్చే పథకం ఎంపీ ల్యాడ్స్ 1993 డిసెంబరులో మొదలైంది. ఇప్పుడు ఒక్కో ఎంపీకి ఏడాదికి 5 కోట్ల రూపాయలు. అందులో 15 శాతం ఎస్సీలు, 7.5 శాతం ఎస్టీలు ఉండే ప్రాంతాలకు పోవాలి. తెలంగాణలో 2020లో రైతులు సమావేశమయ్యే హాళ్లు, రైతు వేదికలొచ్చాయి, 5 వేల ఎకరాలకు ఒకటి చొప్పున 2,601.

మరి కరెంటు బిల్లు, సున్నాలు, కారే పైకప్పు సంగతి? పంచాయతీలకు అప్పగించదగ్గవని రాజ్యాంగం 11వ షెడ్యూలు చెప్పిన 29 అంశాల్లో చిట్టచివరిది ఉమ్మడి ఆస్తుల నిర్వహణ. 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చిన 73వ సవరణ ఈ షెడ్యూలును తెచ్చింది. బాధ్యత కిందికి దిగింది, దానికి తగ్గ ఆదాయం చాలా పంచాయతీలకు దిగలేదు. పట్టించుకునేవాళ్లు లేని హాలు ధాన్యం బస్తాల గోడౌనవుతుంది, లేదా తాళం ఎవరో పెద్దమనిషి ఇంటికి చేరుతుంది. ఆయన గుమ్మం ముందు నిలబడి అడిగితే తప్ప తెరుచుకోని హాలు ఉమ్మడి ఆస్తి ఎలా అవుతుంది?

అద్దె ఎంతన్నది గ్రామసభే తేల్చాలి. ఆ డబ్బు మరమ్మతులకే వాడాలి, జమాఖర్చు గోడ మీద రాయాలి. తాళం ఒకటి పంచాయతీ ఆఫీసులో, రెండోది పొదుపు సంఘం మహిళల దగ్గర ఉండాలి. క్రమం తప్పకుండా మీటింగులు పెట్టుకునేది వాళ్లే, పైకప్పు కారితే ముందుగా తెలిసేదీ వాళ్లకే.