‘కోసి చూపిస్తాం’ అన్న మైకు గారికి

మహారాజశ్రీ బ్యాటరీ మైకు గారి దివ్య సముఖానికి,

కళింగర (పుచ్చకాయ) తోట కాపలాదారు నమస్కరించి రాసుకునే విన్నపం. ఇక్కడ మేము క్షేమంగా లేము. మీరు క్షేమమేనని తెలుసు. రాత్రి మా తోటలో పంటిగాటు పడనిది మీ ఒక్కరి ఒంటి మీదే.

మిమ్మల్ని కొన్నరోజు అంగడాయన మీ ఎదుటే చెప్పిన మాటలు గుర్తుండే ఉంటాయి. పంది రాదన్నాడు. నక్క రాదన్నాడు. కోతి అయితే తోట వైపు కన్నెత్తి కూడా చూడదన్నాడు. "సాయంత్రం స్విచ్ వేస్తే తెల్లారేదాకా అదే మోగుతుంది, నువ్వు ఇంట్లో ఫ్యాను కింద పడుకో అన్నా" అన్నాడు. మెమొరీ కార్డు మా బామ్మర్దిది, అందులో ఇంకో రికార్డింగ్ ఉంది, తీసేయాలా అని అడిగాను. అక్కర్లేదన్నాడు. రిపీట్ ఒకటో నంబరు మీద పెడితే మళ్లీ మనం మార్చేదాకా బ్రహ్మదేవుడొచ్చినా మారదన్నాడు. గ్యారంటీ ఎన్నాళ్లు అనేసరికి మాత్రం పక్కనున్న గిరాకీ వైపు తిరిగాడు.

ఆ ఒకటో నంబరు మా పెదనాన్న గొంతు. "హోయ్... హోహోయ్... ఎవుర్రా అదీ!" అని కేకలు, వాటి వెనక నూనె డబ్బా మోత, మా కుక్క అరుపు, చివర్న ఒక దగ్గు. దగ్గు మేం పెట్టమనలేదు. ఆయనకు వచ్చింది, మీరు పట్టేశారు. తర్వాత కాసేపు ఏమీ ఉండదు, మళ్లీ మొదటికొస్తుంది. మొదట్లో మీరు బాగానే పనిచేశారు, లేదనను. గుట్ట మీద ఊళలు వినిపించేవి గానీ ఒక్కటీ కిందికి దిగలేదు. ఒకే చోట ఒకే శబ్దం రోజూ మోగితే ఏ జంతువైనా కొన్నాళ్లకు దానికి అలవాటు పడిపోతుందని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతూనే ఉన్నారు. శబ్దం మార్చాలట, చోటు మార్చాలట, వేళ మార్చాలట. మీకు కాళ్లు లేవు. బుద్ధి సంగతి తర్వాత మాట్లాడదాం. మా నక్కలు ఎంతదాకా వచ్చాయంటే, పెదనాన్న దగ్గు వినబడితే చాలు, గట్టు దాటి లోపలికొచ్చేవి. దగ్గు తర్వాత సద్దు ఉండదని వాటికి తెలిసిపోయింది.

పక్క పొలం ఆయన మీ తమ్ముణ్ణే కొన్నాడు. అందులో పులి గాండ్రింపు పెట్టాడు. యూట్యూబ్ నుంచి తీసిందేమో, గాండ్రింపుకు ముందు ఒకమ్మాయి వచ్చి "లైక్ చేయండి, షేర్ చేయండి, సబ్‌స్క్రైబ్ చేసుకోవడం మర్చిపోకండి" అంటుంది. తర్వాత పులి వస్తుంది. అంత మర్యాదగా చెప్పి వచ్చే పులికి ఎవడు భయపడతాడు? ఆయన మొక్కజొన్న ఇప్పటికే సగం అయిపోయింది.

సరే, రాత్రి సంగతికి వస్తాను.

మే నెల. పగలు 40 దాటిన ఎండ. చెరువు ఎండి నెర్రెలు విచ్చింది, గుట్టలో గుక్కెడు నీళ్లు లేవు. ఇక్కడేమో తూకంలో 90 శాతానికి పైగా నీళ్లే ఉన్న కాయ సాళ్ల నిండా పరుచుకుని ఉంది. నక్క రాక ఏం చేస్తుంది? అందుకే పని పంచుకున్నాం. గుట్ట వైపు మీరు, పందులొచ్చే వంక వైపు నేను. మొన్ననే వ్యాపారి వచ్చాడు. కాయను వేలితో తట్టాడు, తొడిమ పక్కన నులితీగ ఎండిందా అని చూశాడు, తిరగేసి నేలకు ఆనిన చోట పసుపు మచ్చ చూశాడు. టన్ను ఇంత అని మాట్లాడుకుని అడ్వాన్సు చేతిలో పెట్టి వెళ్లాడు. లారీ ఎల్లుండి వస్తుంది. ఈ రెండు రాత్రులు గడిస్తే చాలనుకున్నాను.

నడిజాము దాటాక తమరి బ్యాటరీ నీరసించింది. గొంతు సాగి, ఆగిపోయి, మళ్లీ మీ అంతట మీరే మొదలయ్యారు. మొదలవడమేమో మొదలయ్యారు గానీ రిపీటూ లేదు, ఒకటో నంబరూ లేదు. రెండోది ఎత్తుకున్నారు. పోయిన వేసవిలో 44వ నంబరు హైవే పక్కన ఆటో పెట్టుకుని మా బామ్మర్ది కాయలమ్మినప్పటి అరుపు అది.

"రండన్నా రండి! రండక్కా రండి! అనంతపురం కళింగర! ఎర్రటి కాయ, చక్కెర కాయ! కోసి చూపిస్తాం, రుచి చూసి తీసుకోండి! నచ్చకుంటే ఇంకోటి కోస్తాం!"

అర్ధరాత్రి పూట. గుట్ట వైపు తిరిగి. గొంతు చించుకుని మరీ.

మంచం మీద నుంచి లేచి కూర్చున్నాను. ముందు కల అనుకున్నాను. బామ్మర్ది ఈ వేళప్పుడు ఎందుకొచ్చాడా అనుకున్నాను. "నచ్చకుంటే ఇంకోటి" అన్న మాట రెండోసారి వినబడ్డాక విషయం తలకెక్కింది. టార్చి పట్టుకుని చెప్పులు కూడా లేకుండా పరిగెత్తాను.

మైకు గారూ, మీకు అప్పగించిన పని నక్కల్ని తరమడం. మీరు వాటిని బొట్టు పెట్టి పిలిచారు. పిలిచాక రాకపోతే బాగుండదని అవీ వచ్చాయి. వచ్చి, మీరు చెప్పినదాన్ని అక్షరం పొల్లు పోకుండా పాటించాయి. నా కడుపుమంట అంతా ఇక్కడే ఉంది. రుచి చూశాయి. నచ్చలేదు కాబోలు, ఇంకోటి చూశాయి.

నక్క ఒక కాయ తింటే నేనెప్పుడైనా కాదన్నానా? మూడు నాలుగు కిలోల కాయ. ఎంత ఆకలి మీదున్న నక్కకైనా ఒక్కటి చాలు, చాలకపోతే రెండు. కడుపు నిండా తిని, నీళ్లకరువు తీర్చుకుని గుట్టెక్కితే, ఎండాకాలం చలివేంద్రం పెట్టిన పుణ్యమనుకుని ఊరుకునేవాణ్ణి. అలా కాదే! ఈ కాయకు పక్కన ఒక గాటు, ఆ కాయకు నెత్తిన ఒక గాటు. పూర్తిగా తిన్న కాయ ఒక్కటంటే ఒక్కటి నాకు చూపించండి, మీ మెడలో దండ వేస్తాను. టార్చి వెలుగులో ఒక కాయ పక్కన కూర్చుని చూశాను. పచ్చటి తోలు మీద అర్ధచంద్రంలా ఒక కొరుకు, అంచుల్లో కోరపళ్లు దిగిన గుంటలు. లోపల ఎర్రటి గుజ్జు నోరు తెరుచుకుని ఉంది. రసం మల్చింగ్ షీటు మీద జిగటగా పారి, అప్పుడే చీమలు బారు కట్టాయి. తిన్నది చూస్తే నా గుప్పెడు కూడా లేదు. దాని పక్క కాయా అంతే. ఆ పక్కదీ అంతే. పెళ్లిళ్లలో పులిహోర ఒక మెతుకు, లడ్డూ ఒక ముక్క కొరికి విస్తరి మడిచేసే పెద్దమనుషుల్ని చూశాను గానీ, నక్కల్లో కూడా ఉంటారనుకోలేదు.

అసలు బాధ ఇంకోటుంది. ఒక్క పచ్చికాయను కూడా అవి ముట్టలేదు. అనుభవమున్న వ్యాపారి తట్టి చూసి, కళ్లు మూసుకుని విని, "ఇది పండింది" అన్న కాయ కూడా ఒక్కోసారి కోస్తే లోపల తెల్లగా ఉంటుంది. నక్కకు ఆ పొరపాటు లేదు. తోటలో ఏది నిగనిగలాడిందో, దేనికి మంచి రేటు వస్తుందో, సరిగ్గా దాన్నే కొరికింది. గాటు పడిన కాయ ఈ ఎండలకు మధ్యాహ్నానికి పులుస్తుంది, ఈగలు ముసురుతాయి, బర్రెకు వేయడం తప్ప దారి లేదు. బర్రె కూడా ఎన్నని తింటుంది?

మధ్యలో డ్రిప్ పైపు కూడా కొరికాయి. దాని గురించి ఏమీ అనను. మీ ప్రకటనలో పైపు సంగతి లేదు, అది వాటి సొంత తెలివి.

నన్ను చూసి అవి పారిపోలేదు. టార్చి వేస్తే కళ్లు మెరిశాయి. కాసేపు నన్ను చూసి, మెల్లగా నడుచుకుంటూ గట్టు వైపు వెళ్లాయి. వాటిలో ఒకటి సగం దూరం వెళ్లి ఆగింది. వెనక్కి చూసింది. పక్కనున్న కాయను ఒక్కసారి కొరికి, అప్పుడు గట్టెక్కింది. సరిగ్గా ఆ క్షణాన నా తల మీద, కొయ్యకు వేలాడుతూ తమరు: "నచ్చకుంటే ఇంకోటి కోస్తాం!"

ఒరేయ్, ఇక నిన్ను మీరూ గీరూ అనడం నా వల్ల కాదు. తెల్లవార్లూ కాపలా కాస్తానని జీతం లేకుండా చేరి, కొనుక్కున్నవాడి సొమ్మును దొంగలకు కోసి చూపించినవాడివి నువ్వు. నిన్ను కొయ్య మీద నుంచి పీకి వంకలో విసరబోయాను. పోసిన డబ్బు గుర్తొచ్చి ఆగాను. ఆగి స్విచ్ తీశాను. స్విచ్ తీశాక కూడా ఒకసారి "రండన్నా" అన్నావు.

తెల్లారగానే పరామర్శకు జనం వచ్చారు. నక్క తోక తొక్కినట్టున్నావే అని ఒకడు నవ్వాడు. చీకట్లో నిజంగానే తొక్కబోయానని చెప్పలేదు. ఇంకొకడు కంచెకు కరెంటు తీగ కలపమన్నాడు. వాణ్ణి ముందు నా గట్టు దిగమన్నాను. పందికని పెట్టిన తీగకు పొద్దున చూస్తే మనిషి దొరికిన ఊళ్లు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. ఆ మనిషి ఒక్కోసారి తీగ పెట్టిన ఇంటివాడే. పొలంలో ఆ మాట ఎత్తడానికి నోరెలా వస్తుందో! మరొకడు చెవి దగ్గరికొచ్చి మందు పెట్టమన్నాడు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం సంగతి వాడికి తెలియదు. నక్కను చంపితే కేసు నా మీద పడుతుంది, లారీ వచ్చే రోజు నేను అటవీ శాఖ ఆఫీసులో కూర్చోవాలి.

చట్టం లేకపోయినా పెట్టను. వేరుశనగ వేసిన ఏడాది గట్ల నిండా ఎలుక బొరియలు. వాటిని రాత్రిపూట తవ్వుకుని తిన్నది ఈ నక్కలే, వాటి చిన్నాన్న కొడుకు గుంటనక్కానూ. అది పాపం ఎలుకలూ పురుగులూ ఏరుకు తిని తన బొరియలో తాను పడుకుంటుంది, ఎవరి జోలికీ రాదు. అప్పుడు వాటికి మేం జీతమేమైనా ఇచ్చామా? ఇవ్వలేదు. ఆ బాకీ ఇప్పుడు కాయకొక గాటు చొప్పున వసూలు చేస్తున్నాయేమో. కాస్త ఒకే కాయలో వసూలు చేసుకుంటే ఏం పోయింది అన్నదే నా గోల.

బీమా గురించి కూడా ఒకాయన చెప్పాడు, పేపర్లో చదివాడట. చదివింది నిజమే. ఫసల్ బీమాలో అడవి జంతువుల నష్టాన్నీ చేరుస్తామని 2025 నవంబరులో కేంద్రం ప్రకటించింది. ఏ జంతువులో, ఏ జిల్లాలో రాష్ట్రాలు జాబితా ఇవ్వాలట. నష్టం జరిగిన 72 గంటల్లోగా యాప్‌లో ఫొటోలు పెట్టాలట, ఆ ఫొటోల్లో పొలం ఎక్కడుందో కూడా నమోదై ఉండాలట. మొదలయ్యేది 2026 ఖరీఫ్ నుంచి. మాది వేసవి పంట. ఖరీఫ్ దాకా ఆగమని నక్కలకు చెప్పాల్సింది కూడా నువ్వే, నీ మాటే కదా అవి వింటున్నాయి.

వ్యాపారికి ఫోన్ చేశాను. దాచితే లారీ దగ్గర గొడవ. గాటున్న సాళ్లన్నీ తిరగేసి చూశాకే ఎత్తుతానన్నాడు, రేటు మీద కూడా మళ్లీ కూర్చుందామన్నాడు. నక్క అన్ని కాయలు రుచి చూసి ఏరుకుంటే, ఈయన ఒక్క కాయా రుచి చూడకుండా తగ్గిస్తాడు.

కాబట్టి ఈ ఉదయం నుంచి నీకు బదిలీ. నిన్ను బామ్మర్ది ఆటో పైన కట్టి, వ్యాపారి వద్దన్న చిన్నకాయలతో పాటు హైవేకి పంపాను. అక్కడ ఎంతమందినైనా పిలుచుకో, ఎన్నైనా కోసి చూపించు. నీ గొంతుకు తగిన కొలువు అదే. ఈ రాత్రి తోటకు పెదనాన్న వస్తానన్నాడు. మంచం, నూనె డబ్బా, కర్ర అడిగాడు. ఆయన కేక ఎప్పుడు వేస్తాడో, ఏ గట్టు మీద నుంచి వేస్తాడో ఎవరికీ తెలియదు. దగ్గు ఎప్పుడొస్తుందో ఆయనకే తెలియదు, నక్కలకెలా తెలుస్తుంది?

ఇట్లు,
నిన్ను నమ్మి వంక వైపు పడుకున్న
నీ యజమాని

తా.క.: ఇది రాస్తుండగానే బామ్మర్ది ఫోన్ చేశాడు. ఒక కారు ఆగిందట, అందులోంచి పిల్లలతో పెద్ద కుటుంబం దిగిందట. ఎండకు నోరెండి ఆటో దాకా వచ్చారట. అప్పుడు ఎత్తుకున్నావట ఒకటో నంబరు: "హోయ్! ఎవుర్రా అదీ!" కారు వెళ్లిపోయిందట. బామ్మర్ది నిన్ను పాత ఇనుము సామాన్ల వాడికి తూకానికి వేస్తానంటున్నాడు. వేయమన్నాను. ఆ కార్డు మాత్రం తీసి ఉంచమన్నాను, పెదనాన్న గొంతు ఉంది అందులో.