విశ్వవిద్యాలయంలో ఓటెక్కడ?

పరీక్ష రాసిన విద్యార్థి మార్కుల మెమోలో ఒక పేపరుకు ఎదురుగా 'గైర్హాజరు' అని పడుతుంది. హాల్‌టికెట్ మీద ఇన్విజిలేటర్ సంతకం ఉన్నా లాభం లేదు. పరీక్షల విభాగం కిటికీ దగ్గరకు వెళితే పై అంతస్తుకు పొమ్మంటారు. పైకి వెళితే కాలేజీ నుంచి లేఖ తెమ్మంటారు. లేఖ పట్టుకొచ్చేసరికి ఆ సీటులోని ఉద్యోగి సెలవు. హైదరాబాద్‌లో చదువుకున్నవారెవరికీ ఇది కొత్త కథ కాదు. నాలుగో రోజు ఆ అబ్బాయి వెంట మరో విద్యార్థి వస్తాడు. అతని చేతిలో నోటు పుస్తకం, అందులో ఇదే పొరపాటు జరిగిన పదిహేను ఇరవై మంది హాల్‌టికెట్ నంబర్లు. అప్పటిదాకా మూసుకుపోయిన కిటికీ తెరుచుకునేది అప్పుడే.

విద్యార్థి నాయకుడి పనిలో ఎక్కువ భాగం ఇదే. మెగాఫోన్ పట్టుకున్న ఫొటోలు మా పత్రికతో సహా అందరమూ వేస్తాం. తెల్లవారుజామున హాస్టల్ వంటశాలలో కూరగాయలు తూకం వేయించి, కందిపప్పు ఎన్ని కిలోలు దిగిందో స్టాకు రిజిస్టరుతో సరిచూసే కుర్రవాడి ఫొటో ఎవరమూ వేయం. నెలాఖరున ఖర్చంతా తలా ఇంత అని పంచే మెస్‌లో, ఆ తూకం తప్పితే పల్లెలో కూలి చేసి డబ్బు పంపే తల్లిదండ్రుల మీదే భారం పడుతుంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు రాలేదని కాలేజీ సర్టిఫికెట్లు ఆపితే, ఉద్యోగం చేజారకుండా ఆ కాగితం ఇప్పించేవారూ ఇలాంటివారే.

అయితే ఈ పని చేసేవారిని అధికారులు అడిగే మొదటి మాట ఒకటుంది: 'నువ్వెవరు?' దానికి రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో నేడు జవాబు లేదు. 1980ల చివరి నుంచి వాటిలో విద్యార్థి సంఘాల ఎన్నికలు ఆగిపోయాయి. దాదాపు ఆ రోజుల్లోనే, 1989లో, ఓటు వయసు 21 నుంచి 18కి తగ్గింది. ప్రధానమంత్రిని ఎంచుకునే తెలివి ఉందని దేశం ఒప్పుకున్న యువతకు, మెస్ కార్యదర్శిని ఎన్నుకునే హక్కు మాత్రం లేకుండా పోయింది. మూడున్నర దశాబ్దాలుగా ఈ వైపరీత్యాన్ని మామూలు విషయంగా భరిస్తున్నాం. ఎన్నికలు లేనిచోట నాయకులు లేకుండా పోలేదు. తమంతట తామే నాయకులైనవారు వచ్చారు, పార్టీలు పంపినవారు వచ్చారు. వారిలో నిజాయితీగా పనిచేసేవారు చాలామంది ఉన్నారు. కానీ పని చేయనివారిని దించే మార్గం విద్యార్థికి లేదు.

గచ్చిబౌలిలోని కేంద్రీయ విశ్వవిద్యాలయం పరిస్థితి వేరు. అక్కడ విద్యార్థులు ఓటేసి సంఘాన్ని ఎన్నుకుంటారు. 2025 మార్చి చివర్లో విశ్వవిద్యాలయాన్ని ఆనుకుని ఉన్న కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లోకి చెట్లు తొలగించేందుకు బుల్డోజర్లు దిగినప్పుడు, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపమనేదాకా సాగిన ఆందోళనలో ఆ సంఘం నిలబడింది. సంఘంతో విభేదించే విద్యార్థులూ అక్కడ ఉన్నారు. వారికి మరుసటి ఎన్నిక ఉంది.

ఎన్నికలంటే గొడవలని భయపడే తల్లిదండ్రులను మేము తప్పుపట్టం. 1972 ఏప్రిల్ 14న విద్యార్థి నాయకుడు జార్జిరెడ్డి ఉస్మానియా ప్రాంగణంలోనే హత్యకు గురైన సంగతి ఈ నగరం మరిచిపోలేదు. ఆ భయానికి జవాబుగానే విద్యార్థి సంఘాల ఎన్నికలపై వేసిన లింగ్డో కమిటీ సిఫార్సులు వచ్చాయి, 2006లో సుప్రీంకోర్టు వాటిని అమలు చేయమంది. అభ్యర్థి ఖర్చు 5,000 రూపాయలు మించకూడదు. అచ్చు పోస్టర్లు వద్దు, చేతిరాతవే ఉండాలి. హాజరు 75 శాతం ఉండాలి, క్రిమినల్ కేసుల చరిత్ర ఉండకూడదు. నామినేషన్ల నుంచి ఫలితాల దాకా పది రోజుల్లో ముగియాలి. ఇంత కట్టుదిట్టమైన నియమావళి చేతిలో ఉండగా శాంతిభద్రతల సాకు చెప్పడం సరికాదు.

ఆ నియమాల్లో మేము ఒప్పుకోనిదీ ఒకటుంది. ఆఫీస్ బేరర్ పదవికి ఒక్కసారే పోటీ చేయాలంటారు. పాతికేళ్లుగా అదే కుర్చీలో ఉన్న సూపరింటెండెంటు ముందు, పది నెలల్లో దిగిపోయే విద్యార్థి ఏ ఫైలు ఎక్కడుందో తెలుసుకునేలోపే గడువు తీరుతుంది. రెండో అవకాశం ఇవ్వకపోయినా, పాత సంఘం తన వినతిపత్రాలు, అధికారుల హామీలు, మెస్ లెక్కలు కొత్త సంఘానికి రాతపూర్వకంగా అప్పగించే ఏర్పాటైనా ఉండాలి. నిరుడు ఇచ్చిన హామీని ఈ ఏడాది కొత్తగా అడుక్కోవలసిన దుస్థితి తప్పుతుంది.

ఫిర్యాదుల కమిటీలున్నాయి కదా అని కొందరు అంటారు. యూజీసీ 2023 నిబంధనల ప్రకారం విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కార కమిటీలో ఒక విద్యార్థి ప్రతినిధి ఉంటాడు. అయితే చదువులోనో ఆటల్లోనో రాణించాడని అతన్ని ఎవరో నామినేట్ చేస్తారు, అదీ ప్రత్యేక ఆహ్వానితుడిగా. బంగారు పతకం తెచ్చుకున్నవారంటే మాకూ గౌరవమే. కానీ హాస్టల్‌లో నీళ్లు రావడం లేదని చెప్పడానికి పతకం ఎందుకు? ఆ హాస్టల్‌లోని మూడు వందల మంది పంపితే చాలదా? నామినేట్ చేసినవారినే ప్రశ్నించవలసి వస్తే ఆ ప్రతినిధి నోరెలా పెగులుతుంది?

విద్యా సంవత్సరం మొదలైన ఆరు నుంచి ఎనిమిది వారాల్లో ఎన్నికలు జరగాలన్నది లింగ్డో కమిటీ మాటే. తరగతులు మొదలయ్యే ముందే రాష్ట్ర ప్రభుత్వం షెడ్యూలు ప్రకటించాలి. అన్నిచోట్లా ఒకేసారి కష్టమనుకుంటే ఉస్మానియాతో మొదలుపెట్టాలి. 1938లో వందేమాతరం పాడి, బహిష్కరణకు గురై, నాగపూర్ వెళ్లి చదువు పూర్తిచేసిన విద్యార్థులు ఆ వర్సిటీవారు. 1969లోనూ 2009లోనూ తెలంగాణ ఉద్యమానికి ఆర్ట్స్ కాలేజీ మెట్లే వేదిక. నేడు ఆ మెట్ల మీద కూర్చునే విద్యార్థికి ఒక బ్యాలెట్ పత్రం ఇవ్వాలని కోరుతున్నాం.